చలికాలపు తీరానికి పిలుపు

ఐర్లండ్ పడమటి అంచున అట్లాంటిక్ సముద్రాన్ని ఒరుసుకుంటూ సుమారు 2,500 కిలోమీటర్ల దారి ఒకటుంది. ఉత్తరాన డొనెగాల్ నుంచి దక్షిణాన కార్క్ కౌంటీలోని కిన్సేల్ దాకా తొమ్మిది కౌంటీల మీదుగా సాగుతుంది. కొత్తగా వేసిన రోడ్డు కాదది. ఊరికీ ఊరికీ మధ్య ఎప్పటినుంచో ఉన్న దారులనే కలిపి 2014లో ‘వైల్డ్ అట్లాంటిక్ వే’ అని పేరుపెట్టారు. ఆ పేరు దేశదేశాలకూ పాకింది. వేసవంతా జనం పోటెత్తుతారు. అక్టోబర్ వెళ్లేసరికి దారి బోసిపోతుంది. ఆ నెలల్లోనూ విదేశీయులను రప్పించాలని అక్కడి పర్యాటక సంస్థలు పట్టుదలగా ఉన్నాయి. మెచ్చదగిన ప్రయత్నమే. ఏమని చెప్పి పిలుస్తారన్నదే అసలు సంగతి.

గది అద్దె తగ్గించి, జూలై నాటి ఫొటోలు చూపించి పిలిస్తే వచ్చినవారు నొచ్చుకుంటారు. డిసెంబర్‌లో అక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. గాలి ఎంత పెద్దదంటే, 2025 జనవరి తుపానులో గాల్వే తీరాన మేస్ హెడ్ దగ్గర గంటకు 183 కిలోమీటర్ల వేగంతో వీచి ఆ దేశపు పాత రికార్డును చెరిపేసింది. వెయ్యేళ్లు దాటిన రాతి ఆశ్రమమున్న స్కెలిగ్ మైకేల్ దీవిలో దిగనిచ్చేది వేసవి నెలల్లోనే. ఇవన్నీ ముందే చెప్పాలి. చెప్పాక, చలికాలానికే సొంతమైనవి చూపాలి.

అవేమీ తక్కువ కాదు. చలికాలం గడపడానికి గ్రీన్‌లాండ్ నుంచి అడవి పెద్దబాతులు స్లైగో, మేయో తీరాలకు గుంపులుగా వచ్చేది అప్పుడే. మల్లాగ్‌మోర్ దగ్గర మేడలెత్తు అలలు లేస్తే వాటి మీద సాహసం చేయడానికి దూరదేశాల నుంచి సర్ఫర్లు దిగుతారు. మబ్బు విడిచి, అదృష్టం కలిసొస్తే మాలిన్ హెడ్‌లో ఉత్తర ధ్రువకాంతి కనిపిస్తుంది. 214 మీటర్ల మోహర్ కొండచరియల దగ్గర వేసవిలో ఎదుటివారి భుజాల మీదుగా చూడాల్సిన సముద్రం నవంబర్‌లో కళ్లనిండా దొరుకుతుంది.

ఈ పిలుపు మాకు నచ్చడానికి కారణం మాత్రం ఆ ఊళ్లు. ఐరిష్ భాషను ఇంట్లో మాట్లాడుకునే పల్లెలు చాలావరకు ఈ తీరంలోనే మిగిలాయి. ఏడాదిలో ఐదారు నెలలే పని ఉంటే కొత్తగా పెళ్లయిన జంట అక్కడ ఎలా నిలుస్తుంది? డబ్లిన్‌కో లండన్‌కో పోతుంది. పిల్లలు లేక బడి మూతపడుతుంది. ఆ తర్వాత భాష ముసలివాళ్ల దగ్గరే ఉండిపోతుంది. చలికాలంలో పది గదులు నిండితే ఒక వంటమనిషికీ, ఒక పడవవాడికీ, పాటకచ్చేరీ చేసే ఇద్దరికీ ఊళ్లోనే బతుకు దొరుకుతుంది.

అయితే డబ్లిన్‌లో పొద్దున్నే బస్సెక్కి, మోహర్ చూసి, రాత్రికి వెనక్కి వెళ్లిపోయే యాత్రతో ఈ ఊళ్లకు ఒరిగేది తక్కువ. ఒకే పల్లెలో రెండు రాత్రులు ఉండమని అడగాలి. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు ఎక్కువగా ఇక్కడి ఎండలు తప్పించుకోవడానికి మే నెలలో వెళ్తుంటారు. దసరా సెలవుల్లో వెళ్లేవారిని ఈ తీరానికి మళ్లించడం కష్టమేమీ కాదు. అక్టోబర్‌లో దారుల్లో రద్దీ తగ్గుతుంది, చలి ఇంకా ముదరదు.

వచ్చినవారికి తలుపు తీసి ఉండాలి, అదొక్కటే లోటు. వర్షంలో తడిసి ఊరు చేరిన మనిషికి హోటల్ మూసి, బస్సు రద్దయి కనిపిస్తే మళ్లీ రాడు, ఇంకొకరిని రానివ్వడు. ఊరికొక భోజనశాలా, ఒక బస ఇల్లూ వంతులవారీగా తెరిచి ఉంచేందుకు ప్రభుత్వం చేయూతనివ్వాలి. విదేశాల్లో ప్రకటనల మీద పెట్టే డబ్బులో కొంత పక్కకు తీసి, నవంబర్ నుంచి మార్చి దాకా తీరం వెంట రోజూ బస్సు తిప్పాలి.