తోడు వేయక పులిసిన ద్రాక్షరసము

స్త్రీల పత్రికలో మద్యమును గూర్చి వ్రాయుట యేమని కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. పానమును బొగడుట మా యుద్దేశము గాదు. వండువారు తినువారియెడల నెంత సత్యముగా నుండవలెనో తెలుపు నుదాహరణమొకటి ద్రాక్షాసవము చేయువానియొద్ద దొరకినందున, ఈ నెల దానినే గ్రహించితిమి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో జిన్‌ఫండెల్ అను నల్లద్రాక్ష పండును. దాని యాసవము ముదురెఱుపు; రుచి గాఢము, మిరియపు ఘాటును దలపించును. ఆ తీఁగ పుట్టినిల్లేదియో చిరకాలము తెలియలేదు. కెరోల్ మెరెడిత్ అను శాస్త్రజ్ఞురాలు క్రొయేషియా పండితులతోఁ గూడి పరిశోధించి, అది యా దేశపు సముద్రతీరమునందలి ప్రాచీనపుఁ దీఁగయే యని 2001లో నిర్ణయించెను.

ఈ ద్రాక్షతో వ్యవహారము సులభము గాదు. ఒకే గుత్తిలోఁ గొన్ని పండ్లు పచ్చిగా నుండఁగనే మఱికొన్ని యెండి కిస్‌మిస్ వలె నగును. త్వరపడి కోసినఁ బులుపు, జాగుచేసినఁ దీపి మితిమీఱును.

దీనితోఁ బేరు గడించినవారిలోఁ బాల్ డ్రేపర్ ముఖ్యుఁడు. ఆయన స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునఁ జదివినది తత్త్వశాస్త్రము. 1969లో రిడ్జ్ అను సంస్థలోఁ జేరి 2016లో విరమించెను. గైజర్‌విల్, లిటన్ స్ప్రింగ్స్ అను చోట్ల నూఱేండ్లు దాటిన తీఁగల కాఁపును ఆయన ప్రీతితో గ్రహించెను. ముదిమి తీఁగ కాయునది కొంచెమే. రసము మాత్రము చిక్కన. 1920 మొదలు 1933 వఱకు ఆ దేశమున మద్యనిషేధ మమలులో నున్నను, ఇండ్లలో ద్రాక్షరసము చేసికొనుటకు వీలుండెను. పండ్లకు గిరాకి తగ్గనందున అట్టి తీఁగలు పెక్కులు గొడ్డలిపాలు గాక మిగిలెను.

మనము పాలకుఁ దోడు వేయుదుము గాని ఇడ్లీపిండికి వేయము. అది రాత్రి తనంతఁ దానే పొంగును. డ్రేపర్ పద్ధతియు నట్టిదే. అంగడిలోఁ గొన్న ఈస్టును వేయక, పండ్లతో వచ్చిన సూక్ష్మజీవులచేతనే రసమును బులియనిచ్చెను. తీపి మిక్కిలి హెచ్చినచో నా పులియుట నడుమ నిలిచిపోవును. కావున నెండిన పండ్లు పెక్కువగు నేఁడు కొంచెము నీరు చేర్చుటయుఁ గలదు.

ఇచ్చటనే మేము చెప్పఁదలచిన మాట యున్నది. 2011 నాఁటి పంట మొదలుకొని, చట్టము కోరకున్నను, రిడ్జ్‌వారు సీసాచీటిపైఁ జేర్చినవన్నియు ముద్రించిరి: ద్రాక్ష, సహజమైన ఈస్టు, చెడకుండుటకు వేసిన గంధకపు మందు, నీరు కలిపిన యేఁడు నీరు గూడ, నూటి కెంత యన్నదానితో సహా. నీళ్లు కలిపితినని తానై చెప్పు పాలవాని నెవరైనఁ జూచితిరా?

మన దేశమునఁ బొట్లములలో నమ్ము తినుబండారములపై నందలి పదార్థములను ముద్రింపవలెనని చట్టమే కలదు. అక్షరములు మిక్కిలి చిన్నవి. చదువుట మన వంతు. బిడ్డలకై కొను బిస్కత్తుపొట్లమును, పచ్చడిసీసాను త్రిప్పి చూడుఁడు. చక్కెర యెన్నవ పేరుగా నున్నదో గమనింపుఁడు; బరువులో హెచ్చైనదే ముందు వ్రాయఁబడును. చదువ నేర్చిన యిల్లాలు ఆ చీటిని జదువకుండుట తగదు.