ఇల్లు మూలుగుతుంటే ముందు వినేది ఎవరు?

మా అమ్మాయి పురిటికని పోయిన చలికాలం ఇంగ్లండు వెళ్లాను. లండన్‌కి పడమటి వైపు రెడింగ్ అనే ఊరు. మా చీడికాడలో చలి అంటే తెల్లవారుజామున ఇంకో దుప్పటి కప్పుకోవడమే. అక్కడ అలా కుదరదు. ఇల్లంతటినీ వేడి చెయ్యాలి.

ఆ ఏర్పాటు గురించి రెండు మాటలు చెప్తాను. వంటింటి గోడకి బాయిలర్ ఉంటుంది. గ్యాస్‌తో నీళ్లు కాస్తుంది. దాని లోపల ఉన్న చిన్న పంపు ఆ వేడినీళ్లను గొట్టాల్లోకి తోస్తుంది. ప్రతి గదిలోనూ గోడకి ఇనప పలకలాంటి రేడియేటర్ ఉంటుంది. నీళ్లు వాటిలో తిరిగి, గదికి వేడి ఇచ్చి, చల్లబడి మళ్లీ బాయిలర్‌కే వస్తాయి. ఎప్పుడూ అవే నీళ్లు. పంపు గుండెకాయ అనుకోండి, గొట్టాలు నరాలు.

నేను వెళ్లేసరికి ఆ గుండెకాయ గుర్రుమంటోంది. రాత్రి హీటింగ్ వేయగానే వంటింట్లో మోత, మేడ మీద గొట్టాల్లో గుడగుడ. ఇంత చేసీ రేడియేటర్లు గోరువెచ్చగానే ఉన్నాయి. పసిబిడ్డ పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలని అక్కడి వాళ్లు చెప్తారు. మా మనవరాలి గదిలో తెల్లారేసరికి 14 ఉండేది. ఇరవై రోజుల పిల్ల.

అల్లుడుగారు మంచివారే. థర్మోస్టాట్‌ని 20 నుంచి 25కి పెంచి, "ఇప్పుడు వేడెక్కుతుంది అత్తయ్యగారూ" అన్నారు. థర్మోస్టాట్ ఎక్కడ ఆగాలో చెప్పేదే గాని, పనిని తొందరపెట్టేది కాదు. నీళ్లు సరిగ్గా తిరగనప్పుడు అంకె పెంచితే గ్యాస్ ఖర్చు తప్ప గదికి ఒరిగేదేమీ లేదు.

"ఎప్పట్నించమ్మా ఈ మోత?" అని అమ్మాయిని అడిగాను.

"నవంబర్‌లో ఒకాయన వచ్చాడమ్మా. మేడ మీద రేడియేటర్‌కి వాల్వు కారుతోందని, నీళ్లన్నీ దించి మార్చాడు. అప్పట్నించే."

"మరి చెప్పలేదా?"

"రెండుసార్లు ఫోన్ చేశాను. మీవారు ఉన్నారా అని అడిగాడు అవతలాయన. ఈయన మాట్లాడితే, పాత బాయిలర్ కదా, కొంచెం చప్పుడు మామూలే అన్నాడట. అదే నిజమనుకున్నాం."

నాకు మా ఊళ్లో నూతి మోటారు గుర్తొచ్చింది. ఫుట్‌వాల్వు పాడై గాలి పట్టినప్పుడు దాని గొంతు మారిపోతుంది. నీళ్లు ఉమ్మినట్టు ఆగి ఆగి పడతాయి. ఇక్కడ నీళ్లు దించి మళ్లీ నింపారు, ఆ రోజు నుంచే మోత. గాలి ఎక్కడో చిక్కుకుంది. నాకు తోచింది ఇంతే, ఇందులో నా గొప్పేమీ లేదు. అసలు సంగతి మా అమ్మాయి నెల రోజుల ముందే చెప్పింది. రోజు, కారణంతో సహా. ఆ మాటని ఎవరూ చేతిలోకి తీసుకోలేదు, అంతే.

ఇద్దరం ఒక నోటుబుక్కు తీశాం. రెండు రోజులు, పొద్దున్న ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి, ప్రతి రేడియేటర్‌కీ పైన ఒకసారి, కింద ఒకసారి చెయ్యి పెట్టి చూశాం. మెతుకు పట్టి అన్నం చూసేవాళ్లకి ఇది కొత్త విద్యేమీ కాదు. మేడ మీద రెండింటికి పైభాగం చల్లగా, కింద వెచ్చగా ఉంది. అంటే పైన గాలి చేరింది. కింద హాల్లో దానికి తలకిందులు, పైన వెచ్చన, అడుగు చల్లన. అంటే అడుగున మడ్డి పేరుకుంది. ఇనుము లోపల తుప్పు పట్టి నల్లటి బురదలా తయారవుతుందట. బాయిలర్ మీద ప్రెషర్ ముల్లు చల్లగా ఉన్నప్పుడు 1కీ 1.5కీ మధ్య ఉండాలి. మాది సగం దగ్గర ఉంది.

గాలి తియ్యడం ఇంట్లోవాళ్లు చేసుకోదగ్గ పనే. హీటింగ్ ఆపి, రేడియేటర్లు చల్లారాక, పైమూలన ఉన్న చిన్న మరకి గుడ్డ అడ్డం పెట్టి, దాని తాళంచెవితో పావు చుట్టు వదులు చెయ్యాలి. గాలి బుస్సుమని పోతుంది. నీటి చుక్క కనిపించగానే బిగించెయ్యాలి. గాలి పోయాక ప్రెషర్ ఇంకా పడుతుంది కాబట్టి, బాయిలర్ పుస్తకంలో చెప్పినట్టు అల్లుడుగారు నీళ్లు నింపారు. ఆ రాత్రి పాప గది 18 చూపించింది.

హాల్లో రేడియేటర్ అలాగే ఉంది. పంపు మోతా పోలేదు. అక్కడితో మేం ఆగాం. బాయిలర్ మూత విప్పి గ్యాస్ జోలికి వెళ్లే పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే చెయ్యాలని అక్కడ చట్టం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తెలిసినంత చెయ్యడం ఎంత ముఖ్యమో, చెయ్యకూడనిది తెలియడమూ అంతే.

ఈసారి అమ్మాయి ఫోన్ చెయ్యలేదు, ఉత్తరం రాసింది. ఏ రోజు నుంచి, ఏ గదిలో, ఏ భాగం చల్లన, మోత ఎప్పుడు, ముల్లు ఎంత, మేం ఏం చేశాం, ఏం మిగిలింది. చివర ఇంట్లో పసిబిడ్డ ఉందని, అద్దె ఇంట్లో హీటింగ్ బాగుచేయించే బాధ్యత 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఇంటివాళ్లదని ఒక వాక్యం. మూడోనాడు మనిషి వచ్చాడు. ఉత్తరం చూసుకుని తిన్నగా హాల్లోకి వెళ్లాడు. ఆ రేడియేటర్ విప్పితే తారులాంటి నీళ్లు వచ్చాయి. మడ్డి కడిగి, అరిగిపోయిన పంపు మార్చి వెళ్లాడు. ఆ రాత్రి వంటింట్లో నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇక నేను చెప్పదలచుకున్నది. యంత్రాల సంగతి మగవాళ్లదని మనమూ అనుకుంటాం. కానీ రోజంతా ఆ యంత్రం పక్కన మసిలేది ఎవరు? ఫ్రిజ్ మామూలుకన్నా ఎక్కువసేపు తిరుగుతోందని, గ్రైండర్ బెల్టు జారుతోందని, కుక్కర్ విజిల్ తేడాగా వస్తోందని ముందు పసిగట్టేది మనమే. తీరా చెప్పేటప్పుడు "ఏదో చప్పుడొస్తోందండీ" అంటాం. ఆ "ఏదో" అన్న మాట దగ్గరే మన మాట తేలిపోతుంది. "నీకన్నీ అనుమానాలే" అని పేపర్ తిప్పేస్తారు.

ఇంటెడు చాకిరీ చాలదా, రిపేర్లు కూడా మన నెత్తిన పెడతావా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రిపేర్లు చెయ్యమని నేననడం లేదు. గమనించే పని ఎలాగూ చేస్తున్నాం. దానికి లెక్క లేదు, పేరు లేదు. ఆ గమనించినదాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న మూడు ముక్కల్లో కాగితం మీద పెట్టమంటున్నాను. మూలుగుని సాక్ష్యంగా మార్చమంటున్నాను. అలాగని తప్పంతా మన చెప్పడంలోనే లేదు. మా అమ్మాయి ఫోన్‌లో తేదీతో సహా చెప్పింది, అయినా మీవారు ఉన్నారా అన్నారు. వినేవాళ్లూ మారాలి. వాళ్లు మారేదాకా పసిపిల్ల చలిలో ఉండలేదు కదా, అందుకని కాగితం.

ఇంటికొచ్చిన నెలకి మా నూతి మోటారు మళ్లీ గొంతు మార్చింది. "సోమవారం నుంచి, వేసిన మొదటి ఐదు నిమిషాలూ నీళ్లు ఆగి ఆగి పడుతున్నాయి, ఆ తర్వాత సర్దుకుంటోంది" అని మావారికి చెప్పాను. ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కుని నూతి దగ్గరికి నడిచారు.