పదేళ్ళు హిట్లర్ కావాలనే మిత్రులకి

మన పాట్‌లక్‌లలో బిర్యానీ అయ్యాక, ఐస్‌క్రీమ్ రాకముందు ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది. "ఇండియా బాగుపడాలంటే ఓ పదేళ్ళు హిట్లర్ లాంటివాడు రావాలండీ!" చుట్టూ ఉన్న ఎమ్మెస్సులూ పీహెచ్‌డీలూ తలలూపుతారు. "జర్మనీ చూడండి, బూడిదలోంచి ఎలా లేచిందో! అంతా డిసిప్లిన్!" అని ఇంకొకరు తాళం వేస్తారు. నేను అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ వింటున్నాను. సరదాకి అంటున్నారులే అని ఊరుకోలేకే ఈ నాలుగు మాటలు.

డిసిప్లిన్ జర్మనీలో హిట్లర్‌కి ముందూ ఉంది. ఆష్‌విట్జ్‌కి రైళ్ళు నడిపింది కూడా ఆ డిసిప్లినే. 1945 మేలో ఆ గట్టి నాయకుడు దేశానికి మిగిల్చిందేమిటి? కూలిన ఊళ్ళు, నాలుగు దేశాల సైన్యాల పెత్తనం, తూర్పు నుంచి తరిమేస్తే కట్టుబట్టలతో వచ్చిపడ్డ జనం. 1950 నాటికి ఒక్క పశ్చిమ జర్మనీలోనే వీళ్ళు దాదాపు 80 లక్షలు. ఆ దేశం బాగుపడింది హిట్లర్ వల్ల కాదు, ఇంకో హిట్లర్ రాకుండా చేసుకున్న కట్టుదిట్టాల వల్ల.

అవేమిటో చూద్దాం. వైమార్ రాజ్యాంగం 48వ అధికరణం అధ్యక్షుడికి అత్యవసర ఉత్తర్వులు జారీచేసే అధికారం ఇచ్చింది. 1930 నుంచి ప్రభుత్వాలు పార్లమెంటులో మెజారిటీ లేకుండా దాని మీదే బండి లాగించాయి. 1933 మార్చి 23న పార్లమెంటే 444-94 ఓట్లతో చట్టాలు చేసే అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి రాసిచ్చేసింది. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లు. కమ్యూనిస్టు సభ్యుల్ని సభలోకే రానివ్వలేదు. అంటే చచ్చిపోయిన ప్రజాస్వామ్యం తన చావు కాగితం మీద తనే సంతకం పెట్టింది!

1949లో కొత్త రాజ్యాంగం రాసినవాళ్ళు ఇది మర్చిపోలేదు. అధ్యక్షుణ్ణి అలంకారప్రాయం చేశారు. ఛాన్సలర్‌ని ఊరికే అవిశ్వాసంతో దింపడం కుదరదు, అదే ఓటుతో తర్వాతివాణ్ణి ఎన్నుకోవాలి. దింపడానికి ఏకమై, నిలబెట్టే వేళకి చీలిపోయే ఆటలు (మనకి బాగా తెలిసినవే) అక్కడ సాగవు. ఈ అస్త్రం వాడింది రెండే సార్లు. 1972లో విఫలమైంది, 1982లో ష్మిట్ పోయి కోల్ వచ్చాడు. అన్నిటికంటే ముఖ్యం 79వ అధికరణం. మనిషి గౌరవాన్నీ ప్రజాస్వామ్యాన్నీ కాపాడే మూలసూత్రాల్ని మూడింట రెండొంతుల మెజారిటీ కూడా ముట్టుకోలేదు. మన వృత్తి భాషలో రీడ్-ఓన్లీ అన్నమాట.

కాగితం ఒక్కటే చాలలేదు. 1952లో, యుద్ధంలో ఆస్తి మిగిలినవాళ్ళ మీద దాని విలువలో సగం మేరకు పన్ను వేసి, 30 ఏళ్ళ వాయిదాల్లో కట్టించుకుని, సర్వం పోయినవాళ్ళకి పంచారు. ఈ పని మన పార్టీల్లో ఎవరైనా ప్రతిపాదిస్తే కమ్యూనిస్టు అంటారు. చేసింది అడెనావర్, పక్కా క్రైస్తవ డెమోక్రాట్. 1953లో లండన్‌లో అప్పులవాళ్ళు జర్మనీ అప్పుని సుమారు సగానికి తగ్గించారు. మొదటి యుద్ధం తర్వాత పీక్కుతిన్న పాఠం అది.

అంతా పవిత్రమని నేననను. యూదు వ్యతిరేక న్యూరెంబర్గ్ చట్టాలకి వ్యాఖ్యానం రాసిన గ్లోబ్కే 1953 నుంచి 1963 దాకా అడెనావర్ కార్యాలయానికి అధిపతి! ఆష్‌విట్జ్ కాపలాదార్లని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టుకి ఈడ్చేసరికి 1963 వచ్చింది. అదీ ఫ్రిట్జ్ బావర్ అనే మొండి ప్రాసిక్యూటర్ ఉండబట్టి.

ఇందులో మనకీ వాటా ఉంది. 1965లో డీట్రిచ్ కాన్రాడ్ అనే జర్మన్ పండితుడు బెనారస్‌లో ఉపన్యసిస్తూ, రాజ్యాంగాన్ని సవరించే అధికారానికీ హద్దులుంటాయన్నాడు. ఆ వాదన 1967లో మన కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న గోలక్‌నాథ్ కేసులో వినిపించింది. 1973లో కేశవానంద భారతి కేసులో 7-6తో నెగ్గింది. ఆ ఏడుగురిలో మన జగన్మోహన్ రెడ్డి గారొకరు. 1975 నవంబరులో, ఎమర్జెన్సీ నడుస్తుండగానే, ప్రధాని ఎన్నికని కోర్టుల పరిధి నుంచి తప్పించిన సవరణ భాగాన్ని సుప్రీం కోర్టు కొట్టేసింది ఈ సూత్రం మీదే. "ఎమర్జెన్సీలో రైళ్ళు టైముకి నడిచాయండీ" అనే పెద్దలు ఈ సంగతి ఎత్తరెందుకో!

పైగా ఆ పదేళ్ళ హిట్లర్ కింద బతకాల్సింది మనమా? మన చేతుల్లో గ్రీన్‌కార్డులున్నాయి. బతకాల్సింది ఖమ్మంలో, గుంటూరులో ఉన్న మన అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్ళు. పదకొండో ఏట అతను దిగకపోతే దింపేది ఎవరు?

జర్మన్లకి ఈ భయం ఇప్పటికీ పోలేదు. 2024 డిసెంబరులో తమ రాజ్యాంగ న్యాయస్థానం జడ్జీల సంఖ్యనీ వాళ్ళ 12 ఏళ్ళ పదవీకాలాన్నీ మామూలు చట్టంలోంచి రాజ్యాంగంలోకి ఎక్కించుకున్నారు, రేపెవరో మామూలు మెజారిటీతో వచ్చి మార్చకుండా.