ఆ ప్యాకెట్ కొన్నదెవరు?

"చిప్స్ లేందే మావాడు ముద్ద ముట్టడండీ!" అని మురిసిపోతూ చెప్పే తల్లిదండ్రులారా, ఆ ప్యాకెట్ కొన్నదెవరు? ఎనిమిదేళ్లవాడికి జీతం వస్తోందా?

బొద్దుగా ఉన్నాడని దిష్టిచుక్క పెట్టారు. రెండంతస్తులెక్కి రొప్పుతుంటే ఎదిగే వయసన్నారు. మెడ చుట్టూ నల్లగా చార కడితే మట్టి అనుకుని పీచు పెట్టి రుద్దారు. అది మట్టి కాదు. లావైన పిల్లల్లో ఆ నలుపు చాలాసార్లు ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం లేదనడానికి గుర్తు. షుగరు జబ్బు గుమ్మం దగ్గర నిలబడితే మీరు సబ్బు వెతుకుతున్నారు!

300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగా పంచదార ఉంటుంది, అంటే ఏడెనిమిది చెంచాలు. అంత పంచదార నీళ్లలో కలిపి బిడ్డకు పట్టమంటే నా మీదికి కర్ర ఎత్తుతారు. సీసాలో పోసి మూత బిగిస్తే మాత్రం చుట్టాలొచ్చినప్పుడల్లా మీరే పోస్తారు.

బళ్లను తిడతారా? తిట్టాల్సిందే. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పినా, అపార్ట్‌మెంట్ అంతస్తుల్లో తరగతులు నడుపుతూ పిల్లల కాళ్లు కట్టేసే యాజమాన్యాలది నేరమే. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, పంచదార మితిమీరిన తిండి అమ్మకూడదని 2020లో నిబంధన వచ్చింది. బడి వదిలే వేళ ఆ గేటు ముందు ఒక్కసారి నిలబడి చూడండి. కానీ అప్పుచేసి ఆ బడిలో చేర్చిందెవరు? ఆటల పీరియడ్‌లో లెక్కలు చెబుతున్నారంటే సంబరపడిందెవరు? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున గంటైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, మీరు ఆ గంటను ట్యూషన్‌కు అమ్మేశారు.

థైరాయిడ్ అంటారా, వంశం అంటారా? కొందరికి నిజమే. డాక్టరుకు చూపించండి. అంతేగానీ పెళ్లిళ్లలో నలుగురి ముందు "మా గున్న ఏనుగు" అని నవ్వకండి. ఆ పూట వాడు తలొంచుకుని తిన్న అన్నం వాడికి జన్మంతా గుర్తుంటుంది.

పిల్లల కడుపు మాడ్చమనడం లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, జొన్నరొట్టె మీ కంచంలో కనబడితే వాళ్ల కంచంలోకీ వస్తాయి. మీరు ఫోన్ చూస్తూ మిక్చర్ నములుతూ వాణ్ణి పరిగెత్తమంటే ఎందుకు పరిగెత్తుతాడు?

నన్నెంతైనా తిట్టుకోండి, పడతాను. ఈ సాయంత్రం మాత్రం ఫోన్ ఇంట్లో పడేసి, వాడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగండి.