కఠిన జలం, గుత్తేదారు, ఒప్పందం

మంచిర్యాల జిల్లా కాసిపేట మండలంలో ఒకవైపు సింగరేణి మందమర్రి ఏరియా బొగ్గు గనులు, మరోవైపు దేవాపూర్ సిమెంటు కర్మాగారం ఉండటానికి కారణం అక్కడి నేలే. సిమెంటు కర్మాగారం సున్నపురాయి దొరికేచోటే వెలుస్తుంది. అదే రాతి పొరల గుండా ఇంకే వాన నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని బోరులోకి చేరుతుంది. ఈ లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని కఠిన జలం అంటారు. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకకపోవడం, సబ్బు నురగకు బదులు తెట్టు కట్టడం, గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు పేరుకోవడం దాని ఆనవాళ్లు. బైకార్బనేట్ల వల్ల వచ్చే కఠినత్వం మరిగిస్తే పోతుంది కనుక దాన్ని తాత్కాలికమని, సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చి మరిగించినా పోనిదాన్ని శాశ్వతమని అంటారు. బొగ్గు పొరల్లో ఉండే పైరైటు, అంటే ఇనుము గంధకం కలిసిన ఖనిజం, గాలీ నీరూ తగిలి సల్ఫేటుగా మారుతుంది కాబట్టి గని నీటిలో ఈ రెండో రకానికి అవకాశం ఎక్కువ. పక్కపక్క ఊళ్లలోని రెండు బోర్లకు ఒకే చికిత్స పనికివస్తుందన్న భరోసా లేకపోవడానికి ఇదొక కారణం.

అయినా నీటి యంత్రం బిగించే గుత్తేదారును పిలిచేటప్పుడు ఇంటివారైనా పంచాయతీ అయినా అడిగేది సాధారణంగా ‘ఫిల్టరు’ ఒక్కటే. నీటిని మెత్తబరచడం, శుద్ధి చేయడం వేర్వేరు పనులన్న సంగతి అక్కడే మరుగున పడుతుంది. మెత్తబరిచే యంత్రంలోని రెసిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని వాటి స్థానంలో సోడియాన్ని వదులుతాయి. లీటరులో 100 మిల్లీగ్రాముల కఠినత్వం పోతే సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. కనుక ఆ నీరు స్నానానికి, బట్టలకు, గీజరుకు మేలే కానీ రక్తపోటు ఉన్నవారు తాగే ముందు ఆలోచించవలసిందే. క్రిములను గానీ ఫ్లోరైడును గానీ ఆ పూసలు తొలగించవు. ఫ్లోరైడుకు ‘నీరి’ సంస్థ రూపొందించిన పటిక, సున్నం పద్ధతి నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైంది. ఆర్వో అనేది నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా తోసి లవణాలను వడగట్టే మరో పద్ధతి. ఇది తాగే నీటికి పనికివస్తుంది తప్ప ఇంటి మొత్తం వాడకానికి పెడితే దండగ.

ఈ తేడాను గుత్తేదారు చెప్పకపోవడమే కాదు, కొందరు విక్రేతలు కళ్లముందే కనికట్టు చేస్తారు. రెండు గ్లాసుల నీటిలో ఇనుము, అల్యూమినియం కడ్డీలు ముంచి కరెంటు పెడితే బోరు నీరు నిమిషంలో మురికి గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆర్వో నీరు దాదాపు తేటగానే ఉంటుంది. ఆ మురికి చాలామటుకు కరిగిన కడ్డీలదే. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారడం వల్ల అవి అంత తొందరగా కరుగుతాయి. జేబులోని టీడీఎస్ మీటరుదీ సగం నిజమే. నీటిలో కరిగిన మొత్తం లవణాలను అది విద్యుత్ వాహకతను బట్టి అంచనా కడుతుంది తప్ప అందులో ఏది కాల్షియమో, ఏది ఫ్లోరైడో చెప్పలేదు. పేరున్న పరీక్షశాల నివేదిక చేతిలో లేకుండా ధర మాట్లాడుకోవడం రోగం తెలియకుండా మందు కొనడమే, పైగా ఆ నమూనాను గుత్తేదారు చేతికిచ్చి పంపకూడదు.

నివేదికను చదవడానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కొలబద్ద. కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే ఆధారం లేకపోతే 600 వరకు అనుమతి, కరిగిన లవణాలకు ఈ అంకెలు 500, 2000, ఫ్లోరైడు 1.5 దాటకూడదు. బోరులో కఠినత్వం 600 ఉండి ఇంటి వాడకం రోజుకు 500 లీటర్లయితే, రోజూ తొలగించవలసింది 300 గ్రాములు. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాములు పట్టుకుంటుందనుకుంటే 25 లీటర్ల రెసిన్ నాలుగు రోజులకు నిండిపోతుంది. దాన్ని మళ్లీ ఉప్పునీటితో కడగడానికి ఒక్కోసారి దాదాపు నాలుగు కిలోల ఉప్పు, అంటే నెలకు ముప్పై కిలోలు పడుతుంది. కొటేషన్‌లో సాధారణంగా కనిపించనిది ఈ ముప్పై కిలోలే.

పంచాయతీలు, ప్రభుత్వ సంస్థల టెండర్లలో తక్కువ ధర కోట్ చేసినవారికే పని దక్కడం ఈ లోపాన్ని పెంచుతుంది. యంత్రం చవకే, కానీ పొర మార్చడం, ఉప్పు, మరమ్మతు ఐదేళ్లు మోయవలసిన భారం. బిగించిన రోజు బిల్లు చెల్లిస్తే గుత్తేదారుకు నీటి నాణ్యతతో సంబంధం తెగిపోతుంది. కుళాయి దగ్గర కఠినత్వం ఎంత మించకూడదో అంకెతో రాసి, బయటి పరీక్షశాల మూడు నెలలకోసారి తేల్చిన ఫలితాన్ని బట్టి వాయిదాల్లో చెల్లించే ఒప్పందం మొదట ఖరీదుగా కనిపించినా న్యాయమైనది. తాగునీటి పథకమైన మిషన్ భగీరథ కింద శుద్ధి చేసిన నీరు సక్రమంగా అందే ఇంటికి ఆర్వో అమ్మడం మాత్రం వ్యాపారమే. కరిగిన లవణాలు 500 లోపు ఉన్నచోట ఆర్వోను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది.

ఒప్పందంలో ఇంకొక వాక్యం దాదాపు ఎవరూ రాయరు: ఉప్పు కడిగిన నీరు, ఆర్వో వదిలేసిన నీరు ఎక్కడికి పోవాలి? ప్రస్తుతం ఆ నీరు పైపు చివర నుంచి పెరట్లోని ఏ జామచెట్టు మొదట్లోకో పోతోంది, అక్కడికి పది అడుగుల దూరంలోనే బోరు ఉంటుంది.