పౌరసంబంధవృత్తికి తొలిబడి

ధర్మవరమున మగ్గమున్నది. హిందూపురమున పట్టుగూళ్ల విపణి యున్నది. పెనుకొండ చెంత ఎర్రమంచిలో, 2017లో ఒప్పందము కుదిరి 2019లో తొలివాహనమును వెలువరించిన కియా కర్మాగారమున్నది. లోకమునకు జెప్పుకొనవలసిన సంగతు లిన్ని యుండగా, వానిని జెప్పు నుద్యోగమును గోరి మన పట్టభద్రులు బెంగుళూరు దారి పట్టుచున్నారు. అచ్చట "అనుభవమున్నదా?" యను ప్రశ్న వారిని వాకిటనే నిలుపుచున్నది. అనుభవము లేక ఉద్యోగము లేదు. ఉద్యోగము లేక అనుభవము రాదు. ఈ చిక్కును దీర్పగలది చేతులార పని నేర్పు ఇంటర్న్‌షిప్పు.

పౌరసంబంధమనగా తీపిమాటల యల్లిక యని కొందఱి భ్రమ. సంస్థకును ప్రజలకును నడుమ నిలిచి, ఒకరి మాటను మఱియొకరికి చెడకుండ జేర్చుటయే యీ వృత్తి. ఇది యెంత కఠినమో గాంధీమహాత్ముని చరిత్రమే చెప్పును. 1896లో ఆయన దక్షిణాఫ్రికా భారతీయుల యిక్కట్టులను వివరించి, రాజకోటలో చిన్నపుస్తకము వ్రాసి పదివేల ప్రతు లచ్చువేయించెను. వానిని చుట్టి తపాలాలో వేయుటకు వాడలోని పిల్లలను గూర్చుకొనెను. వాడిన తపాలాబిళ్లలే వారికి బహుమానము. ఆ పుస్తకముపై పయొనీరు పత్రిక వ్రాసినదాని సారమును రాయిటరు లండనుకు బంపగా, ఆ సారమునకు సారము మూడు పంక్తులలో నెటాలునకు జేరెను. తెల్లవారిని రెచ్చగొట్టుటకు ఆ మూడు పంక్తులు తోడ్పడినవి. 1897 జనవరిలో డర్బనునందు మూక ఆయనపై బడి కొట్టెను. సంక్షేపము తప్పినచో ఎంత కీడో పుస్తకము చెప్పవచ్చును. తాను వ్రాసినదానిని అనుభవజ్ఞునిచే దిద్దించుకొన్నవాడే దాని బరువెఱుగును. 1901లో కలకత్తా కాంగ్రెసునకు వచ్చి, బారిష్టరై యుండియు ఆయన గుమాస్తాపని నడిగి పుచ్చుకొని, పేరుకొనియున్న యుత్తరములకు ప్రత్యుత్తరములు వ్రాసెను. కాంగ్రెసు నడచు తీరు ఆయనకు తెలిసినది అట్టి పనివలననే.

మన సీమలో నేర్చుకొనుటకు పని కొఱవలేదు. ధర్మవరపు పట్టుచీరకు భౌగోళికసూచిక గుర్తింపు కలదు. అయినను చేమగ్గపు నేతకును మరమగ్గపు నేతకును గల భేదము కొనువారందఱకును దెలియదు. పట్టునూలు రంగులద్దుట మొదలు చీర మగ్గము దిగువఱకు కన్నులార జూచిన విద్యార్థి ఆ భేదమును సులభముగా జెప్పగలడు. లేపాక్షి వీరభద్రాలయమును నందియు 2022లో యునెస్కో తాత్కాలిక జాబితా కెక్కినవి. వాని కథను యాత్రికునకు తెలుగున, కన్నడమున జెప్పువారు కావలెను. కర్మాగారపు యాజమాన్యమునకును చుట్టుపట్ల గ్రామములకును నడుమ మాట నడపువారును కావలెను.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020-21 విద్యాసంవత్సరపు సంస్కరణలలో డిగ్రీ విద్యార్థులకు పదినెలల ఇంటర్న్‌షిప్పును విధించినది. ఆ యాశయము మెచ్చదగినది. కాని పని చేయకయే సంతకము దొరకినచో అది విద్య గాదు, కాగితము. కావున విద్యార్థిచే ప్రకటన వ్రాయింపవలెను, పత్రికాలయమునకు బంపవలెను, కోపముతో వచ్చిన ఫిర్యాదుదారుని యెదుట గూర్చుండబెట్టవలెను. యోగ్యతాపత్రమునకు వాడు వ్రాసి దిద్దించుకొన్న కాగితములను జతపఱుపవలెను.

ముఖ్యమైన మాట భృతి. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ఆ చట్టము క్రిందికి వచ్చు అభ్యాసకులకు భృతి నిర్ణయించినది. కళాశాల ఇంటర్న్‌షిప్పునకు సామాన్యముగా ఆ రక్షణ లేదు. కలవారి బిడ్డ ఆరునెలలు ఊరక పనిచేయగలడు. నేతపనివాని బిడ్డకు అది యింటి రాబడికి గండి. ఉచితసేవయే వృత్తికి ద్వారమైనచో, ఆ ద్వారము ధనికునకే తెఱచుకొనును. పేదల మాటను లోకమునకు జెప్పు పనిలో పేదవాడే యుండడు. రాజకోట పిల్లలకు తపాలాబిళ్లలు చాలినవి, పట్టభద్రునకు చాలవు.

కళాశాలలును, కర్మాగారములును, నేతసంఘములును, పురపాలక సంఘములును కలసి, బస్సుఖర్చును భోజనమును గడచునంత భృతితో ఏటేట కొందఱినైన చేర్చుకొనవలెను. మన యూళ్ల సంగతిని మన బిడ్డలు చెప్పవలెనన్నచో, ముందుగా వారిని పనిలో నిలుపుట మన విధి.