బీపీ ఉన్నవాళ్లకు మూత్ర పరీక్ష ఎందుకు రాయరు?

ఖమ్మంలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే చీటీల్లో బీపీ పేషెంట్లవే ఎక్కువ. షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ తప్పకుండా రాసి ఉంటాయి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు, క్రియాటినిన్‌కు ఉన్న నిష్పత్తిని చెప్పే ఏసీఆర్ పరీక్ష మాత్రం షుగర్ ఉన్నవాళ్ల చీటీల్లోనే అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఒట్టి బీపీ ఉన్నవాళ్లకు దాన్ని రాయడం చాలా అరుదు. ఇది మారాలి. బీపీ ఉందని తేలగానే ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయాలి.

మిర్చి యార్డులో బస్తాలు మోసే, బీపీ ఉన్న ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. "ఒంట్లో ఏ బాధా లేదు తమ్మీ, ఇన్ని పరీక్షలెందుకు?" అన్నాడు. క్రియాటినిన్ 0.9. మామూలు మూత్ర పరీక్షలో ఆల్బుమిన్ లేదనే వచ్చింది. డాక్టర్ ఏసీఆర్ కూడా రాశారు కాబట్టి చేశాం. 30 లోపు ఉండాల్సింది 84 వచ్చింది. కొన్ని వారాల తర్వాత మళ్లీ చేసినా ఎక్కువే ఉంది. అప్పుడు డాక్టర్ ఆయన మందులు మార్చారు.

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. బీపీ ఒత్తిడికి అక్కడి సన్నని రక్తనాళాల జల్లెడ దెబ్బతింటే ఆల్బుమిన్ కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. అదే ఒత్తిడి గుండె, మెదడు రక్తనాళాల లోపలి పొర మీదా పడుతుంది. అందుకే ఈ అంకె కిడ్నీతో పాటు గుండెపోటు, పక్షవాతం ముప్పునూ చెబుతుంది. క్రియాటినిన్ పెరిగేది కిడ్నీ పనితీరు బాగా తగ్గాకే. బీపీతో గుండె కండరం మందమైనవాళ్ల మీద జరిగిన 'లైఫ్' అధ్యయనంలో, చికిత్సతో ఆల్బుమిన్ తగ్గినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం వంటివి తక్కువగా వచ్చాయి.

గుండె ముప్పును చెప్పేందుకు ఈమధ్య హెల్త్ ప్యాకేజీల్లో హెచ్‌ఎస్ సీఆర్‌పీ కూడా చేరింది. రక్తనాళాల్లో నివురుగప్పిన వాపును పసిగట్టే పరీక్ష ఇది. ఆ వాపు నిజం. కొలెస్ట్రాల్ ఎక్కువ లేకపోయినా సీఆర్‌పీ 2, ఆపైన ఉన్నవాళ్లకు రోసువాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు) ఇస్తే గుండెపోటు, పక్షవాతం తగ్గాయని 2008లో 'జూపిటర్' పరిశోధన చూపింది. కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా వాపును మాత్రమే తగ్గించినా మేలు జరిగిందని 2017లో 'కాంటోస్' తేల్చింది. కానీ జలుబు చేసినా, చిగుళ్లు వాచినా, కీళ్లనొప్పులున్నా సీఆర్‌పీ పెరుగుతుంది. 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ కోసం వెతకాలి. స్టాటిన్ ఇవ్వాలా వద్దా అన్న సందేహం ఉన్నప్పుడు ఈ పరీక్ష డాక్టర్‌కు పనికొస్తుంది.

ఏసీఆర్ పెరిగితే చేయాల్సింది ఇంకా స్పష్టంగా ఉంటుంది. బీపీని గట్టిగా అదుపు చేయాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ తరహా మందు సరిపడుతుందేమో డాక్టర్ చూడాలి. ఉప్పు తగ్గించాలి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ మానేయాలి. జేబులో డబ్బు ఒక్క పరీక్షకే సరిపడితే, బీపీ ఉన్నవాళ్లు ఏసీఆరే చేయించుకోవాలని నేను చెబుతాను.

దీనికి సూది గుచ్చక్కర్లేదు, పరగడుపున ఉండక్కర్లేదు. ఉదయం మొదటి మూత్రం అయితే మేలు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు, బాగా బరువు పని చేసిన వెంటనే ఇవ్వకూడదు. ఒకసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన భయపడొద్దు. మూడు నెలల్లో మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి. మందులు సొంతంగా మార్చుకోవద్దు.

పల్లె దవాఖానాల్లో బీపీ చూసి గోలీలు ఇస్తున్నారు. అది మంచి పని. ఆ గోలీలు గుండెనూ కిడ్నీనీ కాపాడుతున్నాయో లేదో తెలియాలంటే, ఏడాదికోసారి మూత్రం నమూనా తీసుకుని జిల్లా కేంద్రంలోని ల్యాబ్‌కు పంపే ఏర్పాటును ప్రభుత్వం చేయాలి. అప్పటిదాకా మీరే డాక్టర్‌ని అడగండి: "సార్, నాకు బీపీ ఉంది, ఏసీఆర్ రాస్తారా?"